ఫ్రెంచి క్రియలకు రెండు విభాగములు

గడచిన అర్ధసంవత్సర పరీక్షల పిదప ఒక విద్యార్థి తండ్రిగారు తమ కుమారుని జవాబుపత్రమును చేతబట్టుకొని మా యొద్దకు వచ్చిరి. ఫ్రెంచి పత్రమున ఒక ప్రశ్న యిట్లుండెను: 'ఫినిసోఁ' అను క్రియారూపమును దాని అంగములుగా విడదీయుము. 'ముగించుచున్నాము' అని దాని యర్థము. బాలుడు 'ఫి–నిస్–సోఁ' అని విడదీసెను. దిద్దినవారు దానిపై ఎఱ్ఱసిరాతో గీత గీచి సున్న వేసిరి. తండ్రిగారి ముఖమున కోపము కనబడలేదు, దిగులు కనబడెను. "పిల్లవాడు రాత్రి పొద్దుపోవువఱకు బిగ్గరగా చదువుచునే యున్నాడండీ. తప్పెక్కడ జరిగినదో వానికిని తెలియదు, మాకును తెలియదు. వారమునకు రెండు గంటలు తెలుగు వ్యాకరణమునకు పోవుచున్నవి గదా! ఆ గంటలు కూడ ఫ్రెంచికే యిచ్చిన మేలు కాదా?" అని వారడిగిరి.

ఈ ప్రశ్న ఆ తండ్రిగారిది మాత్రమే కాదు. పలువురు తల్లిదండ్రుల మనస్సులలో నున్నదే. కావున దీనికి మన పత్రికయందు సమాధానము చెప్పుట యుచితమని తలచితిమి. మా అభిప్రాయమును ముందే చెప్పివేయుదుము. ఆ బాలుడు అజ్ఞానముచేత తప్పు వ్రాయలేదు. అడిగిన ప్రశ్న యొకటి, అతడు జవాబిచ్చిన ప్రశ్న మఱియొకటి. క్రియాపదమును విడదీయుటకు రెండు మార్గములున్నవని అతనికెవ్వరును చెప్పలేదు. ఆ రెండు మార్గములును అతడు తెలుగు వ్యాకరణ పాఠములో ఇదివఱకే నడచినవే. కనుక తెలుగు గంటను తీసి ఫ్రెంచికిచ్చుట దీపమార్పి పుస్తకము తెఱచుట వంటిదని మా నమ్మకము.

మనకు ఫ్రెంచి భాషతో సంబంధము క్రొత్తది కాదు. గౌతమీ తీరమున నున్న ఈ యానాములో ఫ్రెంచివారు 1723లో తొలుత స్థావరమేర్పఱచుకొనిరి. 1954లో పరిపాలన భారతదేశమునకు సంక్రమించెను. 1956లో అప్పగింత ఒప్పందముపై సంతకములు జరిగెను. 1962 ఆగస్టు 16వ తేదీన అది చట్టరీత్యా అమలులోనికి వచ్చెను. పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము కలిసిన ఈ కేంద్రపాలిత ప్రాంతమున తెలుగువారము స్వల్పసంఖ్యాకులము. తాతల నాటి జనన వివాహ పత్రములును ఆస్తి దస్తావేజులును ఫ్రెంచిలో నున్న కుటుంబములు మనలో కలవు. ఇంటిలో తెలుగు, బడిలో తెలుగుతోపాటు మఱి రెండు మూడు భాషలు. ఇన్ని భాషల బరువు మోయు బాలునకు ఒక భాషలో నేర్చినది మఱియొక భాషకు ఉపకరింపవలెను గాని, ఒకదానినొకటి తరుముకొనరాదు.

విషయములోనికి పోవుటకు ముందు ఒక చిన్న మనవి. ఫ్రెంచి రూపములను ఇచట తెలుగు లిపిలోనే చూపుచున్నాము. పదాంతమున నున్న అరసున్నను ముక్కుతో పలుకు ధ్వనికి గుర్తుగా గ్రహింపవలెను. ఫ్రెంచి వ్రాతలో ఉండి పలుకులో వినబడని అక్షరములను వలసినచోట వేఱుగ తెలుపుదుము.

పదమును విడదీయు మార్గములలో మొదటిది చెవి మార్గము. నోరు ఒక్కొక్క ఊపున పలుకు భాగములను లెక్కించుట ఇది. దీనినే అక్షరవిభాగమందము. రెండవది అర్థ మార్గము. ఏ భాగము పనిని చెప్పుచున్నది, ఏ భాగము కాలమును చెప్పుచున్నది, ఏ భాగము పని చేయువారిని చెప్పుచున్నది అని విచారించి వేఱుచేయుట ఇది. దీనినే ప్రకృతి ప్రత్యయ విభాగమందము. ఈ రెండు కోతలు ఒకే చోట పడవలెనను నియమము ఏ భాషలోను లేదు. చాలమార్లు పడవు.

తెలుగులో చూతము. 'తోటలోని పూలు' అను మాటలకు గణవిభజన చేయుడు. 'తోటలో' అనునది గురువు, లఘువు, గురువు, కావున రగణము. 'నిపూలు' అనునది లఘువు, గురువు, లఘువు, కావున జగణము. గణవిభాగమున 'ని' అను అక్షరము తన వారిని విడిచి 'పూలు'తో చేరినది. అర్థము చూచిన 'తోటలోని' ఒక మాట, 'పూలు' ఒక మాట. ఛందస్సు నేర్చు బాలుడెవ్వడును ఈ రెండింటిని చూచి తికమక పడడు. గణము వేఱు, పదము వేఱు అని అతడెఱుగును. ఫ్రెంచి తరగతిలో ఆ బాలుడే కూర్చుండి ఆ తెలివిని వాకిటనే వదలి వచ్చుచున్నాడు; దానిని లోనికి తీసికొనిరమ్మని మనము చెప్పకపోవుటయే కారణము.

క్రియాపదమునందును అంతే. 'చేయుచున్నాము' అను రూపమును పలుకుడు. చెవికి 'చే–యు–చున్–నా–ము' అని వినబడును. వ్యాకరణము 'చేయుచు' అనియు 'ఉన్నాము' అనియు విడదీయును. ఉత్వసంధిచేత మొదటి మాట తుదినున్న ఉకారము లోపించినది. ఇప్పుడు నడుమనున్న 'చున్' అను భాగమును చూడుడు. అందలి చకారము మొదటి మాటది, మిగిలినది రెండవ మాటది. చెవి ఒక్కటిగా విన్న దానిలో అర్థమునకు ఇద్దరు హక్కుదారులున్నారు.

ఇక ఫ్రెంచికి వత్తము. 'మాట్లాడుట' అను అర్థముగల 'పర్లే' అను క్రియను తీసికొందము. 'మాట్లాడుచున్నాము' అనుటకు 'నూ పర్లోఁ' అందురు. 'నూ' అనగా మేము. చెవి మార్గమున 'పర్–లోఁ' అని రెండు భాగములు. అర్థ మార్గమున 'పర్ల్' అనునది పనిని చెప్పు ధాతువు, 'ఓఁ' అనునది మేమను పురుషను చెప్పు ప్రత్యయము. 'లోఁ' అను అక్షరములో లకారము ధాతువుది, మిగిలినది ప్రత్యయముది. మన 'చున్' కథయే ఇచటను జరిగినది.

ఫ్రెంచి అక్షరవిభాగమునకు నియమములు కొలదియే. రెండు అచ్చుల నడుమ ఒక హల్లున్న అది తరువాతి అచ్చుతో పోవును. రెండు హల్లులున్న సాధారణముగా చెఱియొకటి పంచుకొనును, అందుకే 'పర్–లోఁ'. కాని రెండవ హల్లు రేఫమో లకారమో యగుచు మొదటిది ప, బ, త, ద, క, గ, ఫ, వ వంటిదైనపుడు ఆ జంట విడిపోదు. 'తెఱచుచున్నాము' అను అర్థముగల 'ఊవ్రోఁ' అను రూపము 'ఊ–వ్రోఁ' అనియే విడిపోవును. పుటలో పంక్తి తుదిని పదమును విఱిచి అడ్డుగీత పెట్టవలసినపుడును ప్రధానముగ ఈ చెవి మార్గమునే అనుసరింతురు.

ఇచట తెలుగు పిల్లలకు ఒక చిక్కు కలదు. దానిని దాచుట తగదు. మన లిపిలో జంటహల్లులలో రెండవదానిని మొదటిదాని క్రింద వత్తుగా వ్రాయుదుము. 'పర్లోఁ' అని వ్రాసినపుడు కంటికి 'ప' ఒకటి, 'ర్లోఁ' ఒకటి. అందుచేత మన పిల్లలు 'ప–ర్లోఁ' అని విడదీయుటకు అలవాటు పడుదురు. దీనికి మందు కూడ మన ఛందస్సులోనే యున్నది. 'భక్తి' అను పదమును వ్రాయునపుడు 'భ' ఒకటి, 'క్తి' ఒకటి. పలుకునపుడు కకారపు పొల్లు ముందున్న 'భ'ను ఆశ్రయించును. కనుకనే ఆ అక్షరము హ్రస్వమైనను గురువగుచున్నది. 'భక్–తి' యని విన్న చెవి 'పర్–లోఁ' అని వినలేదా? లిపి చూపునది ఒకటి, చెవి వినునది ఒకటి యని గురులఘువులు నేర్పిన నాడే మన పంతుళ్లు నేర్పియున్నారు. తేల్చి పలుకు రేఫసంయుక్తమునకు ముందున్న అక్షరము లఘువుగనే నిలుచు సందర్భములు తెలుగు ఛందస్సున కలవు. 'ఊ–వ్రోఁ' అనుదానిని వినుటకు అవియు తోడ్పడును.

ఇప్పుడు అర్థ మార్గమున ఇంకొంచెము దూరము పోదము. 'పర్లోఁ' అనగా మాట్లాడుచున్నాము. 'పర్ల్యోఁ' అనగా అప్పుడు మాట్లాడుచుంటిమి. 'పర్లెరోఁ' అనగా మాట్లాడెదము. 'పర్లెర్యోఁ' అనగా, వీలున్నయెడల మాట్లాడియుందుము అను వంటి భావము. ఈ నాలుగింటిని వరుసగా బట్టీపట్టు బాలుడు నాలుగు మాటలను మోయుచున్నాడు. విడదీసి చూచువాడు రెండు గుర్తులనే మోయుచున్నాడు. 'పర్ల్–ఓఁ'; 'పర్ల్–ఇ–ఓఁ'; 'పర్ల్–ఎర్–ఓఁ'; 'పర్ల్–ఎర్–ఇ–ఓఁ'. ఇకారము గతమునకు గుర్తు, 'ఎర్' భవిష్యత్తునకు గుర్తు. నాలుగవ రూపములో రెండు గుర్తులును కలిసినవి. జరుగవలసిన దానిని గతమున నిలిపి చూచినట్లు ఆ రూపముయొక్క భావము కూడ ఆ రెండింటి కలయికయే. చెవి మార్గమున విడదీసిన 'పర్–లె–ర్యోఁ' అని వచ్చును. అందులో ఈ రహస్యము ఏ మాత్రమును కనబడదు.

ఆ భవిష్యత్తు గుర్తు ఎక్కడనుండి వచ్చినది? పూర్వపు లాటిను భాషలో తుమున్నర్థక రూపమునకు 'కలిగియుండు' అను అర్థముగల క్రియను చేర్చి చెప్పు అలవాటు పుట్టినది. కాలక్రమమున ఆ రెండును అతుకుకొని ఒక్క మాటయైనవి. 'పర్లెరే', అనగా 'నేను మాట్లాడెదను' అనుదానిలో 'పర్లే' అను క్రియయు, 'నాకు కలదు' అను అర్థమిచ్చు 'ఏ' అను రూపమును దాగియున్నవి. 'పర్లే' అను మాట తుదిని వ్రాతలో మాత్రమే మిగిలి నోట పలుకబడని రేఫము భవిష్యద్రూపమున మరల వినబడుచున్నది. వింతగా నున్నదా? ఇంటనున్న ఏ పెండ్లి శుభలేఖనైనను తీయుడు. 'తప్పక విచ్చేయగలరు' అని యుండును. 'విచ్చేయన్' అను తుమున్నర్థకమునకు 'కలరు' చేరి, సరళాదేశముచే కకారము గకారమై ఏర్పడిన రూపమది. 'కలుగు' అను క్రియను చేర్చి జరుగబోవు దానిని చెప్పుట మన యింటి వాడుకయే. ఫ్రెంచివారు వేఱొక త్రోవన అట్టి చోటికే వచ్చిరి.

ఇక మన బాలుని జవాబునకు వత్తము. 'ఫినిసోఁ' అను రూపము వ్రాతలో రెండు సకారములతో నుండును. పంక్తి తుదిని విఱువవలసి వచ్చిన 'ఫి–నిస్–సోఁ' అనుట సరియే. అడిగిన ప్రశ్న అదియైనయెడల పూర్తి మార్కులు రావలసినదే. అంగములుగా విడదీసిన 'ఫిన్–ఇస్–ఓఁ' అని వచ్చును. 'ఫిన్' ధాతువు, 'ఓఁ' పురుష ప్రత్యయము, నడుమనున్న 'ఇస్' ఈ తరగతి క్రియలకు కొన్ని రూపములలో వచ్చు ఆగమము. ఆరంభించుటను సూచించుటకు లాటినులో వాడిన ప్రత్యయమునుండి అది దిగివచ్చినది. నేడు ఆ యర్థము పోయి రూపము మాత్రము నిలిచినది. రెండు సకారములును కలిసి ఆ ఆగమమునకు చెందినవే. చెవి కోత సరిగా వాని నడుమనే పడినది. బాలుడు కత్తిని నైపుణ్యముతోనే పట్టెను. ఏ గీతపై కోయవలెనో అతనికి చూపినవారు లేరు.

ఇంకొక మాట. అర్థ మార్గమున విడదీయుటలో పండితులకును భేదాభిప్రాయములు కలవు. కొందఱు 'ఫిన్' ధాతువనియు 'ఇస్' ఆగమమనియు అందురు. కొందఱు 'ఫినిస్' అంతయు ధాతువుయొక్క దీర్ఘరూపమే యందురు. ఇకారమును ధాతువులోనే చేర్చువారును కలరు. పిల్లలు దీనిని చూచి భయపడవలదు. చెవి కోతకు చెవి సాక్షి. అర్థపు కోతకు యుక్తి సాక్షి. 'ఇట్లేల విడదీసితివి?' అని అడిగినపుడు కారణము చెప్పగలుగుటయే ఇచట విద్య.

రెండు మార్గములు వేఱని చెప్పితిమి గాని, ఒకదానికొకటి పనికిరావని చెప్పలేదు. 'కొనుట' అను అర్థముగల 'అష్తే' అను క్రియను చూడుడు. 'కొనుచున్నాము' అనుటకు 'అ–షె–తోఁ'. ఇందు నడుమనున్న ఎకారము బలహీనమైనది. తొందరగా పలికినపుడు మాయమై 'అష్తోఁ' అగును. 'కొనుచున్నాను' అనుటకు 'జషెత్'. ఇందు అదే ఎకారము స్పష్టముగా నోరు తెఱచి పలుకబడును. వ్రాతలో దానిపై వాలుగీత చేరును. ఏల? మొదటి రూపములో ఆ యచ్చు అక్షరమునకు తుదిని నిలిచినది. రెండవ రూపములో తకారము దాని వెనుకకు వచ్చి అక్షరమును మూసినది. మూయబడిన అక్షరములో ఆ బలహీనధ్వని నిలువజాలదు. 'పిలుచుట' అను అర్థముగల 'అప్లే' అను క్రియలో ఒక చోట ఒక లకారమును మఱియొక చోట రెండు లకారములును వ్రాయుటకు మూలము ఇదియే. అక్షరవిభాగము తెలిసినవాడు ఈ వ్రాతభేదమును కారణముతో గుర్తుంచుకొనును. తెలియనివాడు దెబ్బలతో గుర్తుంచుకొనును.

పదములు పక్కపక్కన నిలిచినపుడు చెవి ఇంకొక చిత్రము చేయును. 'నూ' అను మాట తుదిని వ్రాతలో ఒక సకారమున్నది. ఒంటిగా నున్నపుడు పలుకబడదు. 'ఎమోఁ', అనగా ప్రేమించుచున్నాము అను రూపము దాని వెనుక వచ్చిన 'నూ–జె–మోఁ' అని వినబడును. నిద్రించుచున్న సకారము జకారమువలె మేల్కొని తరువాతి మాట నెత్తిపై కూర్చున్నది. వినికిడి మాత్రమే యున్న బాలుడు క్రియ 'జెమోఁ' అని భ్రమపడును. మన సంధులు నేర్చినవాడు భ్రమపడడు. 'వాడెక్కడ' అని విని 'డెక్కడ' అను మాట యున్నదని ఎవ్వరైన అనుకొందురా?

ప్రశ్నలో 'అతడు మాట్లాడునా?' అనుటకు 'పర్లెతిల్' అందురు. 'పర్ల్' క్రియ, 'ఇల్' అతడు. నడుమనున్న తకారము ఎవరిది? క్రియది కాదు, సర్వనామముది కాదు. 'ఎతిల్', 'దితిల్' వంటి రూపములలో క్రియ తుదిని సహజముగా వినబడు తకారమును చూచి, రెండచ్చులు కలియు ఇతర స్థలములలో కూడ దానిని ప్రవేశపెట్టిరి. వ్రాయునపుడు దానికి రెండు వైపుల అడ్డుగీతలు పెట్టి వేఱుగ నిలుపుదురు. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన బాలుడు ఇది విని చిఱునవ్వు నవ్వును. 'నిలువు' అనుదానికి 'అద్దము' చేరి 'నిలువుటద్దము' అయినపుడు, 'చిగురు'నకు 'ఆకు' చేరి 'చిగురుటాకు' అయినపుడు నడుమ వచ్చిన టకారము ఎవరిది? దానిని మనము టుగాగమమని పేరుపెట్టి పిలుచుచున్నాము. ఫ్రెంచివారి తకారమునకు పుట్టుక వేఱు. పని మాత్రము అదియే.

తేడాలను కూడ చెప్పవలెను. పోలికలు మాత్రమే చెప్పిన అది పక్షపాతమగును. తెలుగు క్రియ పురుషను తన తుదిని స్పష్టముగా పలుకును. 'వచ్చెదము' అన్న చాలును, 'మేము' అననక్కఱలేదు. ఫ్రెంచిలో 'నేను మాట్లాడుచున్నాను', 'నీవు మాట్లాడుచున్నావు', 'వారు మాట్లాడుచున్నారు' అను మూడింటికి చెవికి వినబడునది 'పర్ల్' ఒక్కటే. వ్రాతలో మాత్రము నీవను దానికి ఒక సకారమును, వారను దానికి మఱి రెండక్షరములును అదనముగా నుండును. కనుక అచట సర్వనామమును విడువరాదు. సంప్రదాయ ఫ్రెంచి పద్యములో 'వారు' రూపము పాదమధ్యమున రెండక్షరములుగను, పాదాంతమున ఒక్కటిగను లెక్కింపబడును. తెలుగులో 'మేము', 'మనము' అను భేదము కలదు. ఫ్రెంచి 'నూ' రెండింటికి ఒక్కటే. 'వచ్చినాడు', 'వచ్చినది' అని తెలుగు క్రియ లింగభేదము చూపును, 'పర్ల్' చూపదు. తన భాషను విడదీసి చూచినవానికే ఎదుటి భాషలో లేనిది ఏదియో, అధికమైనది ఏదియో కంటబడును.

"ఇంత విచారమెందుకు? పట్టికలు కంఠస్థము చేసిన పరీక్ష గట్టెక్కును గదా!" అనువారు కలరు. కంఠస్థమును మేము నిందింపము. ఎక్కములు కంఠస్థము చేయకుండ లెక్కలెవరికి వచ్చినవి? 'పోవుట' అను అర్థముగల ఫ్రెంచి క్రియ 'నూజలోఁ' అని ఒక చోట, 'జు వె' అని ఒక చోట, 'జిరే' అని ఒక చోట మూడు ధాతువులతో నడచును. దానిని కంఠస్థము చేయక తప్పదు. మన 'వచ్చెను', 'రాలేదు', 'రమ్ము' అనువానిని ఫ్రెంచి బాలుడు కంఠస్థము చేయవలసినట్లే. కాని ఫ్రెంచి క్రియలలో పదింట తొమ్మిది వంతులు 'పర్లే' తరగతివే. ఆ ఒక్క క్రియకు పైన చెప్పిన నాలుగు వరుసలలో ఆరేసి చొప్పున 24 రూపములు. గతమునకును 'వీలున్నయెడల' అను రూపమునకును ప్రత్యయములు ఒక్కటే. ఒక ధాతువు, ఒక భవిష్యత్తు గుర్తు, కొలది ప్రత్యయములు తెలిసిన 24 రూపములును తామే కట్టుకొనవచ్చును. ఇటుకలు చేతనున్నవాడు గోడను మోసికొనిపోనక్కఱలేదు.

పూర్వమొక ఫ్రెంచివాడు మన భాషను ఈ దృష్టితోనే చూచెను. కేర్దూ అను జెసూయిట్ మతాచార్యుడు 18వ శతాబ్దమున మన దక్షిణదేశమున నివసించి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషల నిఘంటువును కూర్చెను. సంస్కృతమునకు లాటిను గ్రీకు భాషలతో బంధుత్వము కలదని చూపుచు 1767లో పారిసు పండితులకు ఒక రచనను పంపెను. అందులో 'ఉండు' అను అర్థముగల క్రియయొక్క రూపములను పురుషల వరుసను ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. అది 1808 వఱకు అచ్చు కాలేదు. అతడు 1779లోనే పుదుచ్చేరిలో మరణించెను. ఆ మీదట 1816లో జర్మను పండితుడు ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను, పారసీక, జర్మను రూపములతో పోల్చి గ్రంథము ప్రకటించెను. యూరపున తులనాత్మక భాషాశాస్త్రము స్థిరపడినది అప్పటినుండియే. వారికి దారి చూపినది క్రియాపదమును విడదీయుటయే. 'వ్యాకరణము' అను మాటకు అర్థము కూడ విడదీసి తేటపఱచుట యని పెద్దలు చెప్పుదురు.

కావున మా మనవి యిది. మొదటిది, ఫ్రెంచి నోటుపుస్తకములో ప్రతి క్రియారూపమును రెండు పంక్తులలో వ్రాయింపవలెను. పై పంక్తిలో చెవి కోత, క్రింది పంక్తిలో అర్థపు కోత. రెండవది, ప్రశ్నపత్రములలో 'విడదీయుము' అని మాత్రము వ్రాయక, అక్షరములుగానా అంగములుగానా యని స్పష్టముగా తెలుపవలెను. రెండును అడిగి రెండింటికి చెఱిసగము మార్కులిచ్చిన మఱియు మంచిది. మూడవది, తెలుగు పంతులుగారు సంధియో గణవిభజనయో చెప్పు వారములోనే ఫ్రెంచి పంతులుగారు అక్షరవిభాగమును చెప్పవలెను. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, తెలుగు వ్యాకరణపు గంటను ఎవ్వరును ముట్టరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఫ్రెంచి రాదని సంకోచపడవలదు. సాయంకాలము పిల్లవాడు చదువుచుండగా ప్రక్కన కూర్చుండి, "నాయనా! ఇందులో 'మేము' అని చెప్పు ముక్క ఏది? 'రేపు' అని చెప్పు ముక్క ఏది?" అని అడుగుడు. అతడు చూపగలిగెనా, చదువు లోనికి పోయినది. చూపలేకపోయెనా, అదే ప్రశ్నను తెలుగు మాటపై అడుగుడు. అందు మీరే గురువులు.

ఆ తండ్రిగారితో మేమిదియే చెప్పితిమి. వారు కుమారుని పిలిచి, 'చేయుచున్నాము' అను మాటను విడదీయుమనిరి. బాలుడు వ్రేలు మడచి అక్షరములు లెక్కించెను. పిమ్మట ఒక క్షణమాగి, "అట్లు కాదు నాన్నగారూ! చేయుచు, ఉన్నాము" అని సంధి విడదీసెను. అప్పుడు మేము జవాబుపత్రమును అతని ముందుంచితిమి. అతడు ఎఱ్ఱగీతవంక చూచి, మాతో ఏమియు అనక, దాని క్రింద పెన్సిలుతో 'ఫిన్–ఇస్–ఓఁ' అని వ్రాసెను. ఆ సున్నను మేము మార్చలేదు. మార్కులు మరల రావు గాని తెలివి వచ్చినది. వచ్చే సంవత్సరము ఆ బాలుని తెలుగు గంట అతనికి ఉండవలెననియే మా కోరిక.